కునుకుకు కావలసిన రెండో మనిషి: జపాన్ నర్సుల రాత్రి డ్యూటీ చరిత్ర

ప్రస్తావన

1970లలో మా పెద్దక్క ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేసేది. ఒకసారి ఆమెకు మెమో వచ్చింది. తెల్లవారుజామున రౌండ్స్‌కు వచ్చిన అధికారికి ఆమె టేబుల్ మీద తల వాల్చి కనిపించింది. మెమోలో రాసిన నేరం ‘విధి నిర్వహణలో నిద్ర’. ఆ రాత్రి వార్డులో ఎంతమంది రోగులున్నారు, ఆమెతోపాటు ఇంకో నర్సు డ్యూటీలో ఉందా, అది ఆమెకు వరుసగా ఎన్నో నైట్ అన్న వివరాలు అందులో లేవు. ఆమె సంజాయిషీ రాసిచ్చింది. ఆ వివరాలు తానూ రాయలేదు. క్షమించమని మాత్రం రాసింది.

చరిత్ర బోధించే వృత్తిలోకి వచ్చిన చాలా ఏళ్ళకు గానీ ఆ కాగితం విలువ నాకు తెలియలేదు. ఒక ఆధారంలో ఏముందో చూసినట్టే, ఉండవలసినది ఏం లేదో కూడా చూడాలని ఈ కోర్సు మొదటి భాగంలో చదివారు. ఆ మెమోలో లేనిది రెండో నర్సు. ఈ పాఠ్యభాగం ఆమె గురించే.

ఇందుకు జపాన్‌ను ఎంచుకున్నాం. అక్కడ మిల్లుల్లో రాత్రి పని మొదలైనప్పటి నుంచి ఆసుపత్రుల్లో కునుకు వేళలను లెక్కగట్టే వరకు శతాబ్దానికి పైగా సాగిన చరిత్రకు లిఖిత ఆధారాలున్నాయి. జపాన్ భాషలో డ్యూటీ మధ్య తీసే నిద్రను ‘కామిన్’ అంటారు. ‘తాత్కాలిక నిద్ర’ అని దాని అర్థం. మన ‘కునుకు’లో ఉన్న చనువు ఆ మాటలో లేదు, అది రోస్టర్లలో, కోర్టు తీర్పుల్లో కనిపించే మాట. ఈ పుస్తకం చదివే మీలో కొందరు రాత్రి డ్యూటీలు చేస్తూ చదువుతున్నవారని నాకు తెలుసు. మీకు ఈ విషయం నాకంటే బాగా తెలిసి ఉంటుంది. అయినా దీని వెనుక ఉన్న క్రమాన్ని గమనించండి.

మిల్లుల రాత్రి

రాత్రి పని అంటే జపాన్ చరిత్రలో మొదట గుర్తుకు వచ్చేది నూలు మిల్లు. 1883లో పని ప్రారంభించిన ఒసాకా స్పిన్నింగ్ కంపెనీ యంత్రాలను రాత్రింబవళ్ళు నడిపింది. మొదట నూనె దీపాల వెలుగులో, 1886 నుంచి విద్యుద్దీపాల వెలుగులో. ఖరీదైన యంత్రం రాత్రిపూట ఖాళీగా ఉండకూడదన్నది యజమానుల లెక్క. మిగిలిన మిల్లులూ అదే దారి పట్టాయి. పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలు హాస్టళ్ళలో ఉంటూ పన్నెండేసి గంటల చొప్పున పగలు కొన్నాళ్ళు, రాత్రి కొన్నాళ్ళు పనిచేశారు. (ఆ మిల్లులు వడికిన పత్తిలో చాలా భాగం బొంబాయి రేవు నుంచి వెళ్ళినదే. పత్తి ఎగుమతుల పాఠంలో మీరు చూసిన పట్టికలను ఈ కోణంలో ఒకసారి తిరగేయండి.)

ఇషిహారా ఒసాము అనే వైద్యుడు 1913లో ‘మహిళా కార్మికులు, క్షయ’ అనే అంశంపై చేసిన ప్రసంగం ఈ చరిత్రలో ఒక మలుపు. ఆయన ఉపయోగించిన సాధనం బరువు తూచే యంత్రం. రాత్రి షిఫ్టు చేసిన రోజుల్లో అమ్మాయిల బరువు తగ్గుతోంది. తరువాత పగటి షిఫ్టులో కొంత తిరిగి వస్తోంది గానీ పోయినదంతా రావడం లేదు. మళ్ళీ రాత్రి షిఫ్టు, మళ్ళీ నష్టం. అప్పు తీరకముందే కొత్త అప్పు చేసినట్టు ఈ లోటు పేరుకుంటూ పోయింది. చివరకు క్షయతో ఇంటికి వెళ్ళిన పిల్లలు ఊళ్ళలో ఆ జబ్బును వ్యాపింపజేశారని ఆయన చూపించారు. పగటి నిద్ర రాత్రి నిద్రకు సాటి కాదని కార్మికులకు ముందే తెలుసు. ఇషిహారా దాన్ని అంకెల్లోకి తెచ్చారు.

చట్టం సంగతి చూడండి. 1911లోనే జపాన్ ఫ్యాక్టరీ చట్టం చేసింది. స్త్రీలు, 15 ఏళ్ళలోపు పిల్లలు రాత్రి 10 నుంచి తెల్లవారి 4 వరకు పనిచేయకూడదని అందులో ఉంది. కానీ షిఫ్టుల పద్ధతిలో నడిచే మిల్లులకు పదిహేనేళ్ళ మినహాయింపు కూడా అందులోనే ఉంది. చట్టం అమలులోకి వచ్చింది 1916లో. మిల్లుల్లో ఆడవారి రాత్రి పని నిజంగా ఆగింది 1929 జూలైలో. చట్టం చేసిన తేదీని, చట్టం మనిషిని చేరిన తేదీని వేరువేరుగా రాసుకునే అలవాటు చేసుకోండి. ఈ రెంటి మధ్య దూరం మనకు మళ్ళీ ఎదురవుతుంది.

ఈ మధ్యకాలంలోనే మరో సంఘటన జరిగింది. కురషికి స్పిన్నింగ్ కంపెనీ అధిపతి ఒహరా మగొసబురో 1921లో మిల్లు ఆవరణలోనే ఒక శ్రమవిజ్ఞాన పరిశోధన సంస్థను స్థాపించారు. దానికి నాయకత్వం వహించినవారు వైద్యుడు తెరుఒకా గితో. రాత్రి పని శరీరాన్ని ఏం చేస్తుందో ప్రయోగశాల నుంచి కాక మిల్లు నుంచే తెలుసుకోవాలన్నది వారి ఉద్దేశం. జపాన్‌లో అలసటను శాస్త్రీయంగా కొలిచే సంప్రదాయానికి ఇది ఒక ముఖ్యమైన మూలం. తరువాతి దశాబ్దాల్లో ఆ కొలతలు ఆసుపత్రి వార్డు వరకు వచ్చాయి.

ఆసుపత్రికి మినహాయింపు

రెండో ప్రపంచ యుద్ధం తరువాత వచ్చిన 1947 కార్మిక ప్రమాణాల చట్టం స్త్రీలు రాత్రి 10 నుంచి ఉదయం 5 వరకు పనిచేయడాన్ని సాధారణంగా నిషేధించింది. ఆరోగ్య సేవలకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. ఇది జపాన్ ఒక్కదాని ఆలోచన కాదు. 1948 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ 89వ ఒడంబడిక కూడా పరిశ్రమల్లో స్త్రీల రాత్రి పనిని నిషేధిస్తూ, శారీరక శ్రమ ప్రధానం కాని ఆరోగ్య, సంక్షేమ సేవల స్త్రీలను ఆ నిషేధం నుంచి తప్పించింది. అదే ఏడాది వచ్చిన మన కర్మాగారాల చట్టం 66వ సెక్షను స్త్రీలను రాత్రి 7 నుంచి ఉదయం 6 వరకు కర్మాగారాల్లో పనిచేయించరాదంది. ఆసుపత్రి కర్మాగారం కాదు కాబట్టి నర్సుకు అది వర్తించలేదు.

మినహాయింపు ఇవ్వక తప్పదు; రోగికి రాత్రి ఉండదు. కానీ నిషేధం లేని చోట దానికి బదులుగా పరిమితి ఉండాలి కదా? ఎన్ని రాత్రులు, ఎంతమంది, మధ్యలో ఎంత విశ్రాంతి అన్నది ఏ చట్టమూ చెప్పలేదు. నర్సు పనిని సేవగా, దాదాపు వ్రతంగా చూసే దృష్టి ఇందుకు ఒక కారణమని నా అభిప్రాయం. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండ్ ఈ విషయంలో రెండు బొమ్మలను ప్రపంచానికి ఇచ్చింది. ఒకటి డికెన్స్ నవలలోని సారా గాంప్: తాగి, రోగి పక్కనే జోగే రాత్రి నర్సు. రెండోది చేతిలో దీపంతో వార్డుల్లో తిరిగే నైటింగేల్. నిద్రపోయేది చెడ్డ నర్సు, మేలుకునేది మంచి నర్సు. ఆ రెండు బొమ్మల మధ్య, అలసిపోయిన మామూలు నర్సుకు చోటు లేకపోయింది. మా అక్కకు వచ్చిన మెమో భాష కూడా అక్కడిదే.

జపాన్‌లో మరో మార్పు ఆమె రాత్రిని ఇంకా బరువెక్కించింది. యుద్ధానికి ముందు రోగి పక్కన రాత్రంతా ఉండేది ఇంటివారో, కూలికి పెట్టుకున్న సహాయకురాలో. మన ప్రభుత్వ ఆసుపత్రుల వరండాల్లో చాపలు పరుచుకొని పడుకునే అటెండెంట్లను మీరు చూసే ఉంటారు. అమెరికన్ ఆక్రమణ కాలపు సంస్కరణల్లో భాగంగా 1948లో నర్సుల చట్టం వచ్చింది. 1950లో ‘సంపూర్ణ నర్సింగ్’ పద్ధతి మొదలైంది. రోగి పనులన్నీ ఆసుపత్రి సిబ్బందే చూడాలన్నది దాని సూత్రం. 1958లో దానికి ‘ప్రామాణిక నర్సింగ్’ అని పేరు మార్చారు. కూలి సహాయకులు వెంటనే మాయం కాలేదు. 1990ల వరకు కొనసాగారు. అయినా బాధ్యత మాత్రం కుటుంబం నుంచి నర్సుకు మారింది. బాధ్యత మారిన వేగంతో నర్సుల సంఖ్య పెరగలేదు. ఒక వార్డుకు రాత్రి ఒకే నర్సు అన్నది సర్వసాధారణమైంది.

ఒక్క నర్సే ఉన్నప్పుడు ఏం జరుగుతుందో ఊహించండి. ఆమె భోజనానికి వెళ్ళలేదు. మరుగుదొడ్డికి వెళ్ళినా వార్డు ఖాళీ. చట్టం ఇచ్చిన విశ్రాంతి విరామం ఆమెకు కాగితం మీదే ఉంటుంది. కునుకు మాట ఎత్తవలసిన పనే లేదు.

రెండు, ఎనిమిది

1960 చివరలో జపాన్ ఆసుపత్రుల్లో సమ్మెలు వరుసగా జరిగాయి. జీతాలతోపాటు హాస్టల్లోనే ఉండాలన్న నిర్బంధం, పెళ్ళిపై అప్రకటిత ఆంక్షలు కూడా అప్పుడు చర్చకు వచ్చాయి. రాత్రి డ్యూటీ విడిగా ఒక డిమాండుగా రూపు కట్టింది ఆ తరువాతే. జాతీయ ఆసుపత్రుల ఉద్యోగుల యూనియన్ 1963లో ఈ విషయాన్ని ప్రభుత్వ ఉద్యోగుల వ్యవహారాలు చూసే జాతీయ సిబ్బంది ప్రాధికార సంస్థ ముందుకు తీసుకెళ్ళింది. రెండేళ్ళ తరువాత, 1965 మేలో, నిర్ణయం వచ్చింది: నర్సుకు నెలకు సగటున 8 రాత్రులకు మించరాదు, ఒంటరి రాత్రి డ్యూటీని క్రమంగా తొలగించాలి.

రెండు అంకెలు మిగిలాయి. వార్డుకు కనీసం 2 నర్సులు, నెలకు గరిష్ఠంగా 8 రాత్రులు. జపాన్ భాషలో రెండును ‘ని’, ఎనిమిదిని ‘హచి’ అంటారు. కలిపి పలికితే ‘నిప్పచి’. నినాదానికి ఇంతకంటే అనువైన మాట దొరకదు.

కాగితం వచ్చింది గానీ రెండో నర్సు రాలేదు. 1911కీ 1929కీ మధ్య చూసిన దూరమే ఇక్కడా కనిపిస్తుంది. మూడేళ్ళు గడిచాక 1968లో నీగతా ప్రాంతీయ ప్రభుత్వ ఆసుపత్రుల నర్సులు ఒక కొత్త మార్గం ఎంచుకున్నారు. పని మానేస్తే నష్టపోయేది రోగి. అందుకని వారు పని మానలేదు. యాజమాన్యం ఇచ్చిన రోస్టర్‌ను పక్కన పెట్టి, రాత్రికి ఇద్దరు, నెలకు ఎనిమిది అన్న లెక్కతో యూనియనే తయారుచేసిన రోస్టర్ ప్రకారం డ్యూటీకి వచ్చారు. ఒకరు రావలసిన చోటికి ఇద్దరు రావడమే ఆ ఉద్యమం. కార్మిక చరిత్రలో సమ్మెలు ఎన్నో చదువుతాం, ఇలాంటిది అరుదు. సిబ్బంది ఎంత తక్కువగా ఉన్నారో ఆ రోస్టరే చూపించింది. రాత్రికి ఇద్దరిని వేస్తే పగటికి మనుషులు చాలరు. దాచిన లోటు పట్టపగలు బయటపడింది. ఉద్యమం త్వరలోనే దేశమంతా వ్యాపించింది.

నిప్పచి ఉద్యమం కునుకు కోసం జరిగినది కాదని గుర్తుంచుకోండి. నేను ఇక్కడ చెప్పదలచుకున్న విషయం వేరు. వార్డులో రెండో మనిషి ఉంటే తప్ప మొదటి మనిషి కళ్ళు మూయలేదు. కాబట్టి కునుకు చరిత్ర రాయాలంటే పరుపుల నుంచి, విశ్రాంతి గదుల నుంచి మొదలుపెట్టలేం. సిబ్బంది సంఖ్య నుంచే మొదలుపెట్టాలి.

పదహారు గంటల బేరం

అప్పటి పద్ధతిలో రోజుకు మూడు షిఫ్టులు: పగలు, సాయంత్రం, అర్ధరాత్రి. వినడానికి బాగానే ఉంటుంది. కానీ సాయంత్రం అయిదు ప్రాంతంలో పగటి డ్యూటీ దిగిన నర్సు అదే రోజు అర్ధరాత్రి డ్యూటీకి తిరిగి రావడం మామూలు. మధ్యలో ప్రయాణం, వంట, పిల్లలు. నిద్రకు రెండు మూడు గంటలు మిగిలితే గొప్ప. పైగా నడిరాత్రి ఒంటరి ప్రయాణం.

1980ల చివర, 1990ల మొదట్లో నర్సులు తెల్లని యూనిఫాంలతో వీధుల్లోకి వచ్చిన ‘నర్స్ వేవ్’ ఉద్యమం నడిచింది. 1992లో నర్సింగ్ సిబ్బంది లభ్యతకు సంబంధించిన చట్టం వచ్చింది. దాని మార్గదర్శకాల్లో ఒకరికి మించిన సిబ్బంది, నెలకు 8 రాత్రుల లోపు అన్న లక్ష్యాలు చేరాయి. 1965 నాటి అంకెలు ఇరవై ఏడేళ్ళకు జాతీయ విధానంలో చోటు సంపాదించాయి.

అదే కాలంలో రెండు షిఫ్టుల పద్ధతి పెరగసాగింది. సాయంత్రం, అర్ధరాత్రి షిఫ్టులను కలిపేసి సాయంత్రం నాలుగు ప్రాంతం నుంచి మరునాటి ఉదయం తొమ్మిది వరకు ఒకే డ్యూటీ. దాదాపు పదహారు గంటలు. ఇంత పొడవైన రాత్రిని నిలబెట్టడానికే దాని మధ్యలో కామిన్‌కు, అంటే కునుకుకు, వేళ కేటాయించారు.

నర్సులందరూ దీన్ని వ్యతిరేకించలేదు. అర్ధరాత్రి ప్రయాణం తప్పింది. ఆసుపత్రికి వచ్చే సార్లు తగ్గాయి. డ్యూటీ దిగాక చేతికి ఒక పూర్తి రోజు దొరికింది. చిన్నపిల్లలున్నవారికి అది చిన్న విషయం కాదు. కానీ ఎనిమిది అన్న అంకెకు ఏమైందో గమనించండి. రెండు ఎనిమిది గంటల రాత్రులు ఒక పదహారు గంటల రాత్రిగా మారితే, నెలకు ఎనిమిది కాస్తా నాలుగవుతుంది. రాత్రుల సంఖ్య సగమైంది, గంటలు తగ్గలేదు. 2006లో వైద్య బీమా చెల్లింపుల నిబంధనల్లో సగటు రాత్రి డ్యూటీ నెలకు 72 గంటల లోపు ఉండాలన్న షరతు చేరింది. 72 గంటలంటే ఎనిమిదేసి గంటల రాత్రులు తొమ్మిది. లేదా పదహారేసి గంటల రాత్రులు నాలుగున్నర. శరీరానికి ఈ రెండూ ఒకటేనా?

ఇంకో లెక్క మీరే వేయండి. ఒక వార్డు, రాత్రికి ఇద్దరు నర్సులు, ఒక్కొక్కరికి రెండు గంటల కునుకు. ఒకరు పడుకున్నప్పుడు ఇంకొకరు మేలుకోవాలి. అంటే ఆ వార్డు నాలుగు గంటలపాటు మళ్ళీ ఒంటరి డ్యూటీలోనే ఉంది. నిప్పచి ఉద్యమం తొలగించమన్నదే కునుకు రూపంలో తిరిగి వచ్చింది. ముగ్గురు ఉంటే తప్ప ఇది తీరదు.

కునుకు ఎవరి సమయం?

జపాన్ చట్టం ప్రకారం ఎనిమిది గంటలు దాటిన పనికి ఒక గంట విరామం ఇవ్వాలి. డ్యూటీ పదహారు గంటలైనా చట్టం అడిగే కనీసం ఆ గంటే. అంతకు మించిన కునుకు ఆసుపత్రి ఏర్పాటు. విరామంలో బెల్ మోగితే లేవాలా? లేస్తే అది విరామమా, పనా?

2002లో జపాన్ సుప్రీంకోర్టు దీనికి జవాబు చెప్పింది. ఆ కేసు నర్సులది కాదు, భవనాల నిర్వహణ సిబ్బందిది. రాత్రి కునుకు గదిలో ఉన్నా అలారం, ఫోన్ మోగిన వెంటనే స్పందించవలసిన బాధ్యత ఉంటే ఆ సమయమంతా పని సమయమేనని కోర్టు తేల్చింది. కళ్ళు మూసి ఉన్నా మనిషి యజమాని ఆజ్ఞ కిందే ఉన్నాడన్నది తీర్పు సారం. పిలుపు కోసం చెవి ఒగ్గి పడుకున్న ప్రతి నర్సుకూ ఈ తర్కం అర్థమవుతుంది.

2008లో ఒసాకా హైకోర్టు ఒక యువ నర్సు మరణాన్ని అధిక పనివల్ల కలిగిన మరణంగా గుర్తించింది. మెదడులో రక్తస్రావం ఆ మరణానికి కారణం. అలాంటి కేసుల్లో సాధారణంగా చూసే కొలబద్ద నెలకు సుమారు 80 గంటల ఓవర్‌టైమ్. ఆమె ఓవర్‌టైమ్ అంతకంటే తక్కువే. అయినా క్రమం లేని రాత్రి షిఫ్టులు, మధ్యలో సరిపోని నిద్ర ఆ గంటల బరువును పెంచాయని కోర్టు పరిగణించింది. ఇషిహారా 1913లో తూచి చూపించిన నష్టాన్ని ఒక న్యాయస్థానం ఒప్పుకోవడానికి తొంభై అయిదేళ్ళు పట్టింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో శరీర గడియారాన్ని తారుమారు చేసే షిఫ్టు పనిని ‘బహుశా క్యాన్సర్ కారకం’ అనే వర్గంలో చేర్చింది. 2019 సమీక్షలో కూడా రాత్రి పనిని అదే వర్గంలో ఉంచింది. ‘బహుశా’ అన్న మాటను పరీక్షలో వదిలేయకండి. అది ఆధారాల బలాన్ని చెప్పే మాట. రాత్రి డ్యూటీ చేసిన ప్రతివారికీ జబ్బు వస్తుందని దాని అర్థం కాదు.

జపాన్ నర్సింగ్ సంఘం 2013లో రాత్రి డ్యూటీలపై పదకొండు ప్రమాణాలతో మార్గదర్శకాలు ప్రచురించింది. డ్యూటీకి డ్యూటీకి మధ్య కనీసం 11 గంటల వ్యవధి ఉండాలని, నర్సును డ్యూటీలో ఉంచే సమయం 13 గంటలు మించరాదని, రాత్రి డ్యూటీ మధ్యలో వరుసగా పడుకునే కునుకు సమయం కేటాయించాలని అందులో ఉంది. ఇవి చట్టం కావు. పాటించడం ఆసుపత్రి ఇష్టం. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1977లోనే నర్సింగ్ సిబ్బందిపై 149వ ఒడంబడికను, దానితోపాటు షిఫ్టుల మధ్య కనీసం 12 గంటల విశ్రాంతి కోరే సిఫార్సును ఆమోదించింది. ఆ ఒడంబడికను జపాన్ ధ్రువీకరించలేదు, మన దేశమూ ధ్రువీకరించలేదు.

కునుకు ఎంతసేపు, ఎప్పుడు అన్నది ఇప్పుడు పరిశోధన విషయం. హిరోషిమా విశ్వవిద్యాలయానికి చెందిన ఒరియామా సనాయే తన పాత ప్రయోగాల ఫలితాలను తిరిగి విశ్లేషించి 2023లో ఒక వ్యాసం ప్రచురించారు. పదహారు గంటల రాత్రిలో అర్ధరాత్రికి ముగిసే ఒకే రెండు గంటల కునుకు కంటే, అర్ధరాత్రికి ముగిసే తొంభై నిమిషాలు, మూడు గంటలకు ముగిసే ముప్పై నిమిషాలు అని విడదీస్తే తెల్లవారుజామున మత్తు తక్కువగా ఉందని అందులో తేలింది. పాల్గొన్నవారు కొద్దిమందే, ప్రయోగం వార్డులో కాక నియంత్రిత గదిలో జరిగింది. మన పాఠానికి పనికివచ్చే ప్రశ్న మరొకటి ఉంది. కునుకును రెండుగా విడదీస్తే, రెండుసార్లు ఆమె బదులు ఎవరు నిలబడతారు? అది ఆ వ్యాసం పరిధిలోని విషయం కాదు.

క్షేత్రకార్యం

మీకు దగ్గరలోని ఒక ఆసుపత్రిలో, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, రాత్రి డ్యూటీ చేసే ఒక నర్సుతో డ్యూటీ లేని వేళ మాట్లాడండి. ఒక వారం రోస్టర్‌ను ఆమె చెప్పినట్టు గీయండి: రాత్రి ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకు, వార్డులో ఎన్ని మంచాలు, ఎంతమంది నర్సులు, భోజనం ఎప్పుడు, తల వాల్చే వీలుందా, ఉంటే అప్పుడు వార్డులో ఎవరున్నారు. రెండు పేజీలకు మించకుండా రాసి అధ్యయన కేంద్రంలో మీ కౌన్సెలర్‌కు చూపండి. ఆమె పేరు గానీ, ఆసుపత్రి పేరు గానీ అందులో రాయవద్దు. మీ రెండు పేజీల వల్ల ఎవరికీ మెమో రాకూడదు.